కుదురు చెప్తే రాదు

(పిల్లల మూడ్, ఒంటి హుషారు, కదలికల గురించి తల్లిదండ్రులకూ ఉపాధ్యాయులకూ ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినపడుతోందా? సరే.

మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేద్దాం. కూర్చున్నచోటే, లేవక్కర్లేదు. రెండు అరచేతులూ ఛాతీ ముందుకు తెచ్చి ఒకదానికొకటి ఆనించండి. మోచేతులు పక్కలకి. ఇప్పుడు గట్టిగా ఒత్తండి. ఇంకా గట్టిగా. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. వదిలేయండి. ఇంకోసారి. ఊపిరి బిగబట్టకండి, నోటితో మెల్లగా ఊదుతూ ఒత్తండి. మూడోసారి. చాలు, చేతులు ఒళ్లో పెట్టుకోండి.

ఏమైంది? కొంతమందికి భుజాలు కిందికి దిగాయి, నాకు ఇక్కణ్ణుంచి కనిపిస్తోంది. మీ చేతులు ఎక్కడున్నాయో చూడకుండానే ఇందాకటి కన్నా బాగా తెలుస్తోంది కదా? ఆ తెలియడం గురించే ఇవాళ మాట్లాడుకుందాం.

పిల్లల్ని "కుదురుగా కూర్చో" అంటాం. రోజుకి ఎన్నిసార్లు అంటామో లెక్కే లేదు. కుదురు అంటే ఏమిటండీ? అడుగు గుండ్రంగా ఉన్న కుండ దొర్లిపోకుండా కింద పెట్టే చుట్ట. కుండని కసిరితే నిలబడుతుందా? నిలబడదు. కింద చుట్ట పెట్టాలి. పిల్లల విషయంలో ఆ చుట్ట ఏమిటంటే, ఒంట్లోంచి మెదడుకి వెళ్లే కబురు. నా కాళ్లు ఇక్కడున్నాయి, నా వీపు ఇలా ఉంది, నేను పడిపోవడం లేదు అనే కబురు. అది చాలినంత అందితే పిల్లవాడు నిలుస్తాడు. అందకపోతే కుర్చీ వెనక్కి వాలుస్తాడు, పక్కవాణ్ణి తోస్తాడు, పెన్సిల్ కొరుకుతాడు. మనం దాన్ని అల్లరి అంటాం. చాలాసార్లు ఆ పిల్లవాడు తన కుదురు తనే వెతుక్కుంటున్నాడు.

ఇక్కడే ఒక పొరపాటు అభిప్రాయాన్ని పక్కన పెట్టాలి. "వీడికి ఒంట్లో శక్తి ఎక్కువైంది, పరిగెత్తించి పరిగెత్తించి ఖర్చు పెట్టిస్తే పడి ఉంటాడు" అంటారు. మీలో చాలామంది ఇది చేసి చూసే ఉంటారు. గంటసేపు ఉరికించారు, కేకలు, నవ్వులు, చెమటలు. తర్వాత ఇంట్లోకి తీసుకొచ్చి "ఇంక పడుకో" అన్నారు. పడుకున్నాడా? మంచమెక్కి గెంతాడు. ఎందుకని? పిల్లల ఒళ్లు డ్రమ్ము కాదు, కుళాయి తిప్పితే ఖాళీ అయిపోవడానికి. వేగంగా పరిగెత్తినప్పుడు గుండె వేగం పెరుగుతుంది, ఒంటిని ఉరకలెత్తించే అడ్రినలిన్ అనే హార్మోన్ పెరుగుతుంది, ఒళ్లు వేడెక్కుతుంది. ఆట ఆగినా ఇవి వెంటనే ఆగవు. పెద్దవాళ్లం కాసేపటికి మనంతట మనమే దిగుతాం, అంటే నెమ్మదిస్తాం. ఆ దిగడానికి పగ్గాలు వేసే భాగం మెదడు ముందువైపు ఉంటుంది, అది పూర్తిగా తయారయ్యేది ఇరవైల మధ్యలో. ఆరేళ్ల పిల్లకి హుషారు ఎక్కడం వచ్చు, దిగడం ఇంకా రాదు. అదే నేను ఇవాళ పదేపదే చెప్పబోయే మాట: ఎక్కించడం అందరికీ వచ్చు, దించడం నేర్పాలి.

కదలికలన్నీ ఒకటే మందు కాదండీ. కొన్ని లేపుతాయి, కొన్ని దించుతాయి, కొన్ని ఉన్నచోట నిలబెడతాయి. ఏది ఏమిటో తెలియాలంటే రెండు ఇంద్రియాల గురించి తెలుసుకోవాలి. అయిదు ఇంద్రియాలని బడిలో చదువుకున్నాం కదా, ఆ లెక్కలోకి రానివి ఇవి.

మొదటిది కండరాలది, కీళ్లది. కండరాల్లో, వాటిని ఎముకకి కట్టే స్నాయువుల్లో, సాగుదలనీ లాగుడునీ పసిగట్టే సూక్ష్మమైన గ్రాహకాలు ఉంటాయి. చార్లెస్ షెరింగ్టన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1906లో దీనికి ప్రొప్రియోసెప్షన్ అని పేరు పెట్టారు. ఇందాక మీరు చేతులు ఒత్తినప్పుడు పని చేసింది అదే. ఇది ఎప్పుడు గట్టిగా కబురు పంపుతుంది? కండరం ఒక బరువుకి ఎదురు నిలిచినప్పుడు. తోసినప్పుడు, లాగినప్పుడు, మోసినప్పుడు, ఎక్కినప్పుడు. గాల్లో చేతులు ఊపితే పెద్దగా ఏమీ ఉండదు, గోడని తోస్తే ఉంటుంది.

రెండోది లోపలి చెవిది. ప్రతి చెవిలోనూ మూడు అర్ధవృత్తాకార నాళాలు, వాటిలో ద్రవం. తల తిరిగితే ద్రవం వెనకబడుతుంది, మనం ఆగినా అది కాసేపు సాగుతుంది, అందుకే గిరగిరా తిరిగి ఆగితే గది తిరుగుతుంది. తల ఎటు వంగింది, ముందుకి వెళ్తున్నామా, పైకి వెళ్తున్నామా అని చెప్పే సంచులు ఇంకో రెండు ఉంటాయి. ఈ ఇంద్రియం చాలా పదునైనది. గిరగిరా, గబగబా, ఎప్పుడు ఎటో తెలియకుండా కదిలిస్తే మెదడుని లేపుతుంది. నెమ్మదిగా, తిన్నగా, ఒకే లయలో ఊపితే దించుతుంది. ఊయల్లో పసిబిడ్డ ఎందుకు నిద్రపోతుందో తెలిసిందిగా? అదే ఊయల్ని తాళ్లు మెలిపెట్టి వదిలితే బిడ్డ నిద్రపోతుందా?

ఇంకో నిజం కూడా చెప్పాలి. ఈ ఇంద్రియాల మీద ఆధారపడిన చికిత్సని జీన్ ఎయిర్స్ అనే అక్యుపేషనల్ థెరపిస్టు, అంటే రోజువారీ పనులు చేసుకోవడానికి సాయపడే చికిత్సకురాలు, 1960లు, 70లలో మొదలుపెట్టారు. దాని పేరుతో ఇవాళ చాలా వాగ్దానాలు చేస్తుంటారు. అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2012లోనే ఈ చికిత్సలకి ఉన్న ఆధారాలు పరిమితమని, తేల్చి చెప్పేంత లేవని అంది. కాబట్టి నేను చెప్పేవి ఏ జబ్బునీ నయం చెయ్యవు. రోజు గడవడానికి సాయపడే పనులు. పిల్లవాడి మీద చేసి, చూసి, పని చేస్తే ఉంచుకుని, చెయ్యకపోతే వదిలేయాల్సినవి.

బరువు పనులు

సరే, ముందుగా బరువు పనులు. నా దృష్టిలో అన్నిటికన్నా నమ్మకమైనవి ఇవే. ఎందుకంటే బాగా ఎక్కిన పిల్లవాణ్ణి ఇవి దించుతాయి, నీరసంగా ఉన్నవాణ్ణి కాస్త లేపుతాయి. తప్పు చేసినా పెద్ద నష్టం ఉండదు.

గోడ తోయడం. పిల్లవాణ్ణి గోడకి ఒకటిన్నర అడుగు దూరంలో నిలబెట్టండి. అరచేతులు భుజాల ఎత్తున గోడకి ఆనాలి, మడమలు నేలకి ఆనాలి. మోచేతులు వంచి ముక్కుని గోడ దగ్గరికి తీసుకెళ్లి, మళ్లీ నెట్టుకుని వెనక్కి రావాలి. పది సార్లు. కాసేపు ఆగి ఇంకో పది. ఎక్కడ తప్పుతుంది? ఒకటి, కాళ్లు గోడకి మరీ దగ్గర పెడతారు, అప్పుడు ఊరికే ఆనుకున్నట్టే, చేతులకి పనే ఉండదు. రెండు, నడుం జారిపోయి పొట్ట ముందుకి వేలాడుతుంది. "పలకలాగా ఉండు" అనండి, తెలుస్తుంది. మూడు, గబగబా చేసేస్తారు. వెళ్లడానికి మూడు లెక్క, రావడానికి మూడు లెక్క. ఆ నెమ్మదిలోనే ఫలితం ఉంది.

ఎలుగుబంటి నడక. అరచేతులు, పాదాలు నేల మీద, మోకాళ్లు లేచి ఉండాలి. గది ఆ చివర నుంచి ఈ చివరకి నాలుగుసార్లు. ఇక్కడ ఏం జరుగుతుందో మీకు తెలుసు, ఇద్దరు పిల్లలుంటే వెంటనే పందెం అవుతుంది. పందెమైతే దింపే పని కాస్తా ఎక్కించే పని అయిపోతుంది. "నెమ్మదిగా వెళ్లు" అంటే వినరు. వీపు మీద ఒక చిన్న దిండు పెట్టి "ఇది పడకూడదు" అనండి. ఇంక మీరు ఏమీ చెప్పక్కర్లేదు, దిండే చెప్తుంది.

మోయడం, తోయడం. పిల్లవాడి బరువులో పదో వంతుతో మొదలుపెట్టండి. ఇరవై కిలోల పిల్లకి రెండు కిలోలు. రెండు చేతులతో, పొట్టకి ఆనించుకుని మోయాలి, ఒక చేత్తో వేలాడదీసి కాదు. నిజమైన పని ఇవ్వండి. పుస్తకాలు ఒక అరలోంచి ఇంకో అరలోకి మార్చడం, బట్టల బుట్ట నేల మీద తోసుకుంటూ ఆ గదిలోకి చేర్చడం, కుర్చీలు జరపడం, తడిగుడ్డతో బల్ల గట్టిగా తుడవడం. వ్యాయామం చేయమంటే ముఖం ముడుచుకునే పిల్ల, "ఇది నాకు సాయం పట్టు" అంటే వస్తుంది. "నీకు కోపమొచ్చింది కాబట్టి బుట్ట తొయ్" అన్నారనుకోండి, అది శిక్ష అయిపోతుంది. పనికి ఆ పేరు పెట్టకండి.

దుప్పట్లో చుట్టడం కూడా కొంతమంది పిల్లలకి చాలా ఇష్టం. తల, మెడ, చేతులు పూర్తిగా బయట ఉండాలి. పిల్లవాడు తనంతట తాను దొర్లి బయటికి రాగలిగేంత వదులుండాలి. మీద కూర్చోవడం, పడుకోవడం ఎప్పుడూ చెయ్యకూడదు. "చాలు" అంటే ఆ క్షణమే విప్పాలి. అడగకుండా, బలవంతంగా చుట్టడం సాయం కాదు, కట్టేయడం.

ఇవి ఒకసారి చేస్తే రోజంతా నిలుస్తాయా? నిలవవు. అందుకే మూడు నుంచి అయిదు నిమిషాల చొప్పున రోజులో నాలుగైదు చోట్ల పెట్టుకోవాలి. ఎక్కడ? పిల్లవాడు తరచూ పట్టు తప్పే సమయానికి పదిహేను నిమిషాల ముందు. తుఫాను వచ్చాక కాదు, ముందు. ఏడుపు పతాకస్థాయిలో ఉన్నప్పుడు "గోడ తోయరా" అంటే ఎవరు తోస్తారు?

గిరగిరా తిరగడం గురించి త్వరగా చెప్పి ముందుకి వెళ్తాను. పిల్లలకి ఇష్టం, నీరసంగా ఉన్నవాళ్లని బాగా లేపుతుంది. కానీ పిల్లవాడే తిరగాలి, మీరు తిప్పకూడదు. పది చుట్లు ఒకవైపు, ఆగి, కళ్లు నిలిచాక రెండోవైపు. ముఖం పాలిపోయినా, చెమట పట్టినా, ఆవలింతలు వచ్చినా, పొట్ట తిప్పుతోందన్నా ఆపేయండి. కొందరికి ఆ వికారం వెంటనే రాదు, తర్వాత వస్తుంది. తిరిగాక తప్పకుండా ఒక బరువు పని చేయించండి. మూర్ఛ ఉన్న పిల్లలకి డాక్టర్ని అడగకుండా ఇది వద్దు.

కోపం వస్తే దిండు కొట్టమనడం

ఇది కాస్త నిదానంగా చెప్తాను, ఎందుకంటే మంచి మనసుతోనే ఈ సలహా చాలామంది ఇస్తారు. "కోపం లోపల పెట్టుకోకు, దిండుని కొట్టి బయటికి పంపెయ్." వినడానికి బాగుంది కదా?

బ్రాడ్ బుష్‌మన్ అనే మనస్తత్వవేత్త 2002లో దీన్ని పరీక్షించారు. కాలేజీ విద్యార్థులకి ముందు కోపం తెప్పించారు, వాళ్లు రాసిన వ్యాసాన్ని ఘోరంగా విమర్శించి. తర్వాత కొందరిని, ఆ విమర్శించిన మనిషిని తలుచుకుంటూ పంచింగ్ బ్యాగ్‌ని కొట్టమన్నారు. కొందరిని ఏమీ చెయ్యకుండా ఊరికే కూర్చోమన్నారు. ఎవరి కోపం తగ్గి ఉంటుందనుకుంటున్నారు? తలుచుకుంటూ కొట్టినవాళ్లకే కోపం ఎక్కువగా మిగిలింది. ఊరికే కూర్చున్నవాళ్లే నయం. వాళ్లు పెద్దవాళ్లు, మన ఆరేళ్ల పిల్లలు కాదు, నిజమే. తర్వాత 2024లో సోఫీ షార్విక్, బుష్‌మన్ కలిసి 154 అధ్యయనాల్ని ఒకచోట పెట్టి చూశారు. గుండె వేగాన్ని, ఒంటి ఉద్రేకాన్ని తగ్గించే పనులు కోపాన్ని తగ్గించాయి. పెంచే పనులు మొత్తమ్మీద తగ్గించలేదు. పరుగైతే ఇంకాస్త పెంచింది కూడా. బంతి ఆటల్లాంటివి మాత్రం తగ్గించాయి. పక్కన తోటివాళ్లు, ఆటలో మునిగిన మనసు ఉండడం వల్లేమోనని నా ఊహ.

దీన్నిబట్టి ఇంట్లో ఏం చెయ్యాలి? కోపంలో ఉన్న పిల్లవాడి చేతికి కొట్టే పని ఇవ్వకండి, తోసే పని, పిండే పని, మోసే పని ఇవ్వండి. తడిబట్ట మెలితిప్పి నీళ్లు పిండమనండి. కొట్టడంలో ఒక శత్రువు ఉంటాడు, పిండడంలో బట్ట మాత్రమే ఉంటుంది. కండరాలకి రెండిట్లోనూ పనే, తలలోని కథ మాత్రం వేరు.

ఊపిరి సంగతి కూడా ఇక్కడే. "గట్టిగా ఊపిరి పీల్చుకో" అంటాం. పిల్లవాడు ఏం చేస్తాడు? భుజాలు చెవుల దాకా లేపి, ఛాతీ ఉబ్బించి, గబగబా నాలుగుసార్లు పీలుస్తాడు. ఇంకా రేగిపోతాడు. గుండెని నెమ్మదింపజేసేది వదిలే ఊపిరి. మీరూ చూడొచ్చు, మణికట్టు మీద వేలు పెట్టుకుని పొడుగ్గా ఊపిరి వదలండి, నాడి నెమ్మదిస్తుంది. కాబట్టి పీల్చమనకండి, ఊదమనండి. మీ అరచేయి వాడి నోటికి జానెడు దూరంలో పెట్టి "నా చెయ్యి చల్లబడేలా ఊదు" అనండి. తర్వాత చెయ్యి ఇంకొంచెం దూరం జరపండి. పీల్చడం దానంతటదే జరుగుతుంది. లోపలికి మూడు లెక్క, బయటికి అయిదారు లెక్క, అయిదు సార్లు చాలు. తేనెటీగలా "మ్‌మ్‌" అని మూలగమన్నా అంతే, ఊపిరి పొడుగవుతుంది.

ఇప్పుడు ఒక సాయంత్రాన్ని దగ్గరగా చూద్దాం. ఆరేళ్ల పాప అనుకోండి. బడి నుంచి వచ్చింది. గుమ్మం దగ్గర బూటు లేసు ముడి పడింది. ఒకసారి లాగింది, ఇంకా బిగుసుకుంది. కాలు నేలకేసి కొట్టింది. కింది పెదవి వణుకుతోంది. ఇంకో పది సెకన్లలో బూటు గోడకి తగులుతుంది. మనం ఏమంటాం? "ఇంత చిన్నదానికి ఏడుపెందుకు?" ఆ పాపకి అది చిన్నది కాదు. ఆరేడు గంటలు కూర్చుని, అడక్కుండా మాట్లాడకుండా, వరసలో నిలబడి వచ్చింది. లేసు దగ్గర ఆఖరి దారం తెగింది, అంతే.

మీరు చెయ్యాల్సింది. మాటలు తగ్గించండి. పక్కన నేల మీద కూర్చోండి, కళ్ల ఎత్తు సమానమవుతుంది. ముడి వదులు చేసి, విప్పడం మాత్రం పాపకే వదిలేయండి. "నేను బూటు పట్టుకుంటాను, నువ్వు కాలు లాగు." గట్టిగా పట్టుకోండి, మూడు లెక్కపెట్టేదాకా వదలకండి. పాప లాగుతుంది, కాలు మొత్తం పని చేస్తుంది, టప్పున వస్తుంది. రెండో కాలు కూడా. చాలాసార్లు ఇక్కడే నవ్వు వస్తుంది. తర్వాత బ్యాగు నేల మీద పెట్టి దాన్ని గదిలోకి తోసుకెళ్లమనండి. కాసిని నీళ్లు. ఇదంతా అయిదు నిమిషాలు. ఆ తర్వాత బయటికి, ఇరవై, ముప్పై నిమిషాలు పరుగు, గెంతులు, ఎక్కడాలు, ఏది ఇష్టమైతే అది. హోంవర్కు దాని తర్వాత. ముందు హోంవర్కు, తర్వాత ఆట అనే ఇళ్లలో ఆ ఇరవై నిమిషాలూ హోంవర్కు దగ్గర పేచీకే పోతాయి.

ఇక దిగడం. ఆట ఆపే అయిదు నిమిషాల ముందు "ఇంకో అయిదు నిమిషాలు" అంటాం. ఆరేళ్ల పిల్లకి అయిదు నిమిషాలంటే ఎంతో తెలియదు. లెక్కపెట్టగలిగేది చెప్పండి: "ఇంకో మూడుసార్లు జారి దిగేద్దాం." మూడయ్యాక మెట్లు మెట్లుగా వేగం తగ్గించండి. పరుగు నుంచి పెద్ద అంగలతో నడక. అక్కణ్ణుంచి అడుగులో అడుగు వేసే నడక. ఇంట్లోకి వచ్చాక దిండుతో ఎలుగుబంటి నడక. తర్వాత గోడ పది సార్లు. చివరికి బోర్లా పడుకుని, గడ్డం చేతుల మీద పెట్టుకుని, ముందున్న కాగితం ముక్కని ఊదడం. ఒక్కో మెట్టుకి నిమిషం, నిమిషంన్నర. అంతా కలిపి అయిదు నుంచి ఏడున్నర నిమిషాలు.

దిగిందని ఎలా తెలుస్తుంది? గొంతు స్థాయి తగ్గుతుంది. ఊపిరి ఛాతీ నుంచి పొట్టలోకి వస్తుంది. ఒక పెద్ద నిట్టూర్పు వస్తుంది, దాని కోసం చూడండి. మీ ముఖం వైపు చూసి మామూలుగా మాట్లాడుతుంది. ఇవి కనపడకపోతే ఇంకో మెట్టు వెయ్యండి. దిగేటప్పుడు కితకితలు పెట్టడం, ఎత్తి గిర్రున తిప్పడం, ఫోను ఇవ్వడం, ఈ మూడూ ఏడు నిమిషాల శ్రమనీ పాడు చేస్తాయి. నిద్రకి ముందు గంటలో ఇంత పరుగు వద్దు, మెట్లలో చివరి మూడు చాలు.

చురుకు లేని పిల్లల గురించి మనం తక్కువ మాట్లాడతాం, వాళ్లు ఎవరినీ ఇబ్బంది పెట్టరు కాబట్టి. బల్ల మీద వాలిపోయి, పిలిస్తే పలకడానికి ఆలస్యం చేసి, దేనికీ "వద్దు" అనే పిల్ల. "వెళ్లి ఆడుకో" అంటే వెళ్లదు. లేచే శక్తి లేనివాళ్లని లెమ్మనడం అది. మీరు లేవండి ముందు. ఇద్దరూ నడవండి, రెండు నిమిషాలు, ఏమీ అడగకుండా. తర్వాత పాదాలతో నేలని దబదబా ఇరవై సార్లు. పది గెంతులు, ఆగి, ఇంకో పది. కాళ్లు ఎడంగా పెట్టి వంగి, కాళ్ల సందులోంచి వెనక్కి చూడ్డం, తల స్థానం మారితే లోపలి చెవి మేలుకుంటుంది. తర్వాత బంతి విసురుకోవడం, ముందు దగ్గరగా, పోనుపోను దూరంగా. నెమ్మది నుంచి వేగానికి. ఇది దిగడానికి తలకిందులు.

కానీ ముందు నిద్ర లెక్క చూడండి. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. నిద్ర చాలని పెద్దవాళ్లు కునుకుతారు, పిల్లలు చాలాసార్లు ఎగురుతారు. రోజూ గురక పెట్టే పిల్లవాణ్ణి డాక్టర్‌కి చూపించండి. రెండు వారాలకి మించి దిగాలుగా ఉన్నా, ఇష్టమైన ఆటలు కూడా వదిలేసినా, గెంతులతో ఆగకండి, పిల్లల డాక్టర్ని, మనస్తత్వ నిపుణుల్ని కలవండి.

ఉపాధ్యాయులు చాలామంది వచ్చారు, తరగతి గది సంగతి. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ హిల్‌మన్ బృందం 2009లో తొమ్మిది, పదేళ్ల పిల్లల్ని ట్రెడ్‌మిల్ మీద ఇరవై నిమిషాలు నడిపించి చూసింది. పరుగు కాదు, నడక. విశ్రాంతిగా కూర్చున్న రోజు కన్నా నడిచిన రోజు దృష్టి నిలపాల్సిన పరీక్షలో బాగా చేశారు. మీకు తరగతిలో ఇరవై నిమిషాలు దొరకవు. మూడు నిమిషాలు దొరుకుతాయి. చిన్న తరగతుల్లో ఇరవై, పాతిక నిమిషాలకి ఒకసారి. మొదటి నిమిషం నిలబడి పెద్ద కదలికలు, కుడి మోచెయ్యి ఎడమ మోకాలికి, ఎడమది కుడికి. రెండో నిమిషం కుర్చీకి రెండు పక్కలా చేతులు ఆనించి ఒళ్లు పైకి లేపి అయిదు లెక్క, అయిదు సార్లు. కుర్చీకి చక్రాలుండకూడదు. మూడో నిమిషం అరచేతులు ఒత్తి ఊదడం, ఇందాక మీరు చేసినట్టే. ఈ వరస మార్చకండి. చాలా తరగతుల్లో మొదటి నిమిషం దగ్గరే ఆపేసి పుస్తకాలు తీయమంటారు, తరగతి అదుపు తప్పుతుంది, "ఈ ఆటలు మన దగ్గర పనికిరావు" అని మానేస్తారు. పనికిరాకపోవడం కాదు, దించకుండా వదిలేశారు.

"ఓడినవాడు అవుట్" అనే ఆటలు కూడా ఇక్కడ వద్దు. ముందుగా అవుట్ అయ్యేది సరిగ్గా ఎవరికి కదలిక ఎక్కువ కావాలో వాళ్లే. "పరుగు, ఆగు" లాంటి ఆటలు పెట్టండి. చప్పట్లు కొడుతుంటే కదలాలి, ఆపితే రాయిలా నిలవాలి. ముందు మూడు సెకన్లు నిలవడం, తర్వాత అయిదు, తర్వాత పది. దిగడాన్ని ఆటగా నేర్పే దారి ఇది.

ఒక్కటి మాత్రం చేతులు జోడించి అడుగుతున్నాను. అల్లరి చేసినందుకు ఆట విరామం తీసేయకండి. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2013లో ఇదే చెప్పింది, విరామం పిల్లల సొంత సమయం, శిక్షగా దాన్ని లాక్కోకూడదని. కదలిక చాలక అల్లరి చేసిన పిల్లవాడికి ఉన్న కదలిక కూడా తీసేస్తే మధ్యాహ్నం ఎలా గడుస్తుంది?

మొత్తం ఎంత కావాలంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం 5 నుంచి 17 ఏళ్లవాళ్లకి రోజుకి సగటున 60 నిమిషాలు, ఊపిరి వేగం పెరిగేంతగా. వారంలో కనీసం మూడు రోజులు కండరాలకీ ఎముకలకీ బలమిచ్చేవి. మూడు, నాలుగేళ్లవాళ్లకి ఆ సంస్థ 2019 మార్గదర్శకాల ప్రకారం 180 నిమిషాలు, అందులో 60 చురుగ్గా. ఇవన్నీ ఒకేసారి కానక్కర్లేదు.

జాగ్రత్తలు. చిన్నపిల్లల్ని చేతులు, మణికట్లు పట్టి ఎత్తి ఊపకండి, అయిదేళ్ల లోపు మోచేతి ఎముక పట్టు జారిపోవచ్చు. చంకల కింద పట్టుకోండి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకి మెడ కీలు వదులుగా ఉండొచ్చు, పిల్లిమొగ్గలు, ట్రాంపొలిన్ డాక్టర్ని అడగకుండా వద్దు. ట్రాంపొలిన్ మీద ఎవరికైనా సరే, ఒకరి తర్వాత ఒకరే. ఆటలో స్పృహ తప్పినా, ఛాతీ నొప్పన్నా వెంటనే ఆపి వైద్యుడికి చూపించండి.

ప్రశ్నలు చాలా వచ్చాయి, రెండు తీసుకుంటాను.

ఎన్నాళ్లకి తేడా తెలుస్తుంది అని అడిగారు. రెండు వారాలు ఒక నోటుబుక్కు రాయండి. ఎన్నింటికి, దానికి ముందు ఏం జరిగింది, ఏ కదలిక చేయించారు, పది నిమిషాల తర్వాత ఎలా ఉంది. నాలుగు గడులు, గడికి నాలుగు మాటలు. ఒకేసారి మూడు మార్పులు చెయ్యకండి, ఏది పనిచేసిందో తెలియదు. రెండు వారాల తర్వాత చూస్తే గొడవల్లో చాలాభాగం ఒకటి రెండు వేళల్లోనే కనిపించవచ్చు. ఆ వేళలకి పదిహేను నిమిషాల ముందు బరువు పని పెట్టండి.

రెండోది, మా బాబు నిలబడలేడు, వీల్‌చైర్‌లో ఉంటాడు, వాడికేమిటి అని ఒక అమ్మ అడిగారు. అమ్మా, ఇందాక చెప్పినవాటిలో సగం వాడికీ కుదురుతాయి. చక్రాలు తనే తిప్పుకోగలిగితే కొంచెం ఎత్తుగా ఉన్న దారిలో తిప్పుకోవడం మంచి బరువు పని. లేకపోతే మీరు ఎదురుగా కూర్చుని అరచేతికి అరచెయ్యి ఆనించండి, వాడు తోస్తాడు, మీరు కొంచెం ఎదురు నిలిచి నెమ్మదిగా లొంగండి. అయిదు లెక్క, అయిదు సార్లు. సాగే రబ్బరు పట్టీ లాగించవచ్చు, ఒళ్లో బరువైన పుస్తకం పెట్టి మోయించవచ్చు. కండరాలు బిగుసుకునే ఇబ్బంది ఉంటే ఎంత ఒత్తాలో ముందు మీ ఫిజియోథెరపిస్టుని అడగండి. ఊదడం మాత్రం ఇవాళే మొదలుపెట్టొచ్చు. కుర్చీ చక్రాలకి బ్రేకులు వేసి, మీ చెయ్యి జానెడు దూరంలో పెట్టండి.